పెద్దాయన గ్యారేజీలో పేరు లేని సీసా

తుపాకులమ్మే షాపులో పనిచేసి రిటైరయ్యానంటే మనవాళ్లు నమ్మరు. ఇక్కడ ఆక్లాండ్‌లో గుడి భోజనాల దగ్గర కుర్రవాళ్లు పక్కన కూర్చుని, "అంకుల్, మీరు ఏ కంపెనీలో చేసేవారు?" అని మర్యాదగా అడుగుతారు. డునెడిన్‌లో వేట సామాను షాపులో కౌంటర్ వెనకాల నిలబడేవాణ్ని, తుపాకులు, తూటాలు, గాలాలు అమ్మేవాణ్ని అంటాను. వాళ్లు నా నుదుటి మీది విభూతిని చూస్తారు, ప్లేట్లో పప్పన్నం చూస్తారు, ముసలాయన ఎకసెక్కాలాడుతున్నాడని నవ్వేసి పెరుగు కోసం లేస్తారు. గుడ్డు కూడా ముట్టని ఇంట్లో పుట్టినవాడు జింకల్ని చంపే సరంజామా అమ్ముకుని బతికాడంటే నాకే ఒక్కోసారి నవ్వొస్తుంది. కానీ చేసిన ఉద్యోగాలన్నిటిలో ఏది మళ్లీ కావాలని అడిగితే మాత్రం, ఆ షాపు వెనక గదిలో ఒక శనివారం పొద్దుటి పూట కావాలంటాను. జీతం అక్కర్లేదు. టీ నేనే పెట్టుకుంటాను.

మాది కర్నూలు జిల్లా. సున్నపురాయి క్వారీలో స్టోర్‌కీపర్‌గా ఉండేవాణ్ని. రాయి పగలగొట్టే పేలుడు మందును ఊరికి దూరంగా ఒక గోదాములో దాచేవాళ్లం. దాని తాళంచెవి నా దగ్గరుండేది. మా ఆవిడ నర్సు. ఆమెకు డునెడిన్ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చి మేం ఈ దేశానికి చేరేసరికి నాకు నలభై దాటి చాలా కాలమైంది. ఆమె డ్యూటీకి వెళితే నేను వంట చేసి, అమ్మాయిని బడికి దింపి వచ్చి, కిటికీలోంచి వాన చూస్తూ కూర్చునేవాణ్ని. డునెడిన్ వాన సంగతి అక్కడ చదువుకున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. అలా కూర్చోగా కూర్చోగా నా మీద నాకే విసుగు పుట్టింది.

ఒకరోజు వేట సామాను షాపు అద్దానికి, మనిషి కావాలని అంటించిన కాగితం చూసి లోపలికి వెళ్లాను. యజమాని నాకంటే చిన్నవాడు. మాటలో, చేతిలో తొందర ఎక్కువ. ఎప్పుడైనా తుపాకీ కాల్చావా అన్నాడు. లేదన్నాను. వేట సంగతేమిటన్నాడు. మాంసమే తిననన్నాను. కౌంటర్ పట్టుకుని కాసేపు నవ్వి, మరి ఇన్నాళ్లూ ఏం చేశావన్నాడు. క్వారీ గోదాము గురించి చెప్పాను. మందును పేల్చే డిటొనేటర్లు ఒక గదిలో, మందు ఇంకో గదిలో ఎందుకు పెడతామో, రెండూ ఒకే జీపులో ఎందుకు ఎక్కించమో చెప్పాను. నవ్వడం మానేసి విన్నాడు. "కాల్చడం వచ్చినవాళ్లు ఈ ఊళ్లో వీధికి పదిమంది ఉన్నారు. దాచడం వచ్చినవాడు కావాలి నాకు," అన్నాడు. పోలీసుల దగ్గర లైసెన్సు పరీక్ష రాసి, నెల తిరిగేసరికి కౌంటర్ వెనక్కి చేరాను.

ఇక్కడి వేటగాళ్లలో చాలామంది తూటాలు కొనరు, తయారు చేసుకుంటారు. కాల్చాక మిగిలిన ఇత్తడి గొట్టాన్ని పారేయకుండా జేబులో వేసుకుని ఇంటికి తెచ్చి, గ్యారేజీలో ఒక చిన్న ప్రెస్సు బల్లకు బిగించుకుని, దాంట్లో మళ్లీ మందు పోసి, మళ్లీ గుండు బిగిస్తారు. దాన్ని రీలోడింగ్ అంటారు. ఈ తుపాకీ మందులో చాలా రకాలున్నాయి. చూపుకు అన్నీ దాదాపు ఒకటే, పెన్సిల్ ములుకు విరిచి ముక్కలు చేసినట్టు నల్లగా సన్నగా ఉంటాయి. కాలడంలోనే తేడా. కొన్ని నిదానంగా కాలి గుండును తోస్తాయి. కొన్ని ఒక్కసారిగా భగ్గుమంటాయి. నిదానంగా కాలేది పోయాల్సిన చోట తొందరగా కాలేది పోస్తే, కాల్చేవాడి చెంప పక్కనే తుపాకీ పగులుతుంది. మీరు తెలుసుకోవలసిన టెక్నిక్ ఇంతే. 

ఈ విద్య నేర్పడానికి మా షాపు వెనక గదిలో శనివారాలు ఒక పెద్దాయన కూర్చునేవాడు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. మనిషి తాటిచెట్టంత పొడుగు, సుత్తి మోతలకు చెవులు సగం పోయాయి. యజమాని ఆయనకేమీ ఇచ్చేవాడు కాదు, ఆయనా ఏమీ అడిగేవాడు కాదు. కొత్తగా రీలోడింగ్ మొదలుపెట్టినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేవాడు. నన్ను చూసిన మొదటిరోజు, కూరగాయలు తినేవాడివి నీకిది ఎందుకయ్యా అన్నాడు. రెండో శనివారం నా ఫ్లాస్కులో అల్లం టీ రుచి చూశాడు. ఆ తరువాత కూరగాయల ప్రస్తావన రాలేదు, పది గంటలకు, స్మోకో అనే టీ విరామం వేళకు, టీ ఆలస్యమైతే మాత్రం గదిలోంచి కప్పు బల్లకేసి కొట్టేవాడు.

ఆయన పద్ధతులు నాకు మా క్వారీ పద్ధతుల్లాగే అనిపించేవి. బల్ల మీద ఒక్క మందు డబ్బానే ఉండాలి. పని అయిపోగానే మిగిలిన మందు ఏ డబ్బాలోంచి వచ్చిందో ఆ డబ్బాలోకే పోవాలి. డబ్బా మీద కంపెనీ వేసిన కాగితం తప్ప ఎవడి మాటా నమ్మకూడదు, తన మాటతో సహా. పని జరుగుతున్నంతసేపూ రేడియో ఉండదు, కబుర్లుండవు. ఒకసారి ఆయన ఫోన్ కోసం లేచి వెళ్లాడు. సర్దుడు జబ్బున్న మా యజమాని ఆ కాసేపట్లో వచ్చి, బల్ల మీది డబ్బా తీసి అలమరలో పెట్టేశాడు. పెద్దాయన తిరిగొచ్చి చూస్తే కొలత గొట్టంలో మందుంది, ఎదురుగా డబ్బా లేదు. ఏ డబ్బాయో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు, యజమానికీ తెలుసు. అయినా ఆయన ఆ గొట్టం విప్పుకుని వెళ్లి మందంతా పెరట్లో గడ్డి మీద చల్లేశాడు. యజమాని ధర గుర్తుచేసి గొణిగాడు. పెద్దాయన చెవి వినపడనట్టు కూర్చుని నా టీ తాగాడు. గడ్డి ఆ తరువాత అక్కడ ఏపుగా పెరిగింది.

ఆ శనివారాలు ఎంత బాగుండేవో చెప్పడం నాకు చేతకాదు. తుపాకీ నూనె వాసన, తడిసిన ఉన్ని కోట్ల వాసన, అల్లం వాసన కలిసి ఉండేవి ఆ గదిలో. బయట వాన. ప్రెస్సు పిడి కిందికి దిగినప్పుడల్లా టక్కుమనే చప్పుడు. ఇద్దరం మాట్లాడుకున్నది తక్కువే. నా ఇంగ్లీషు ఆయనకు సగం అర్థమయ్యేది కాదు, ఆయన నమిలి మింగే ఇంగ్లీషు నాకు సగం అర్థమయ్యేది కాదు, పైగా ఆయనకు చెవుడు. అయినా ఈ దేశంలో నాకు స్నేహితుడు ఎవరంటే ఆయనే. దుప్పి మాంసంతో చేసిన సాసేజీలు కట్ట కట్టి ఇచ్చేవాడు, మాంసం తిననని తెలిసి కూడా. వాటిని తీసుకెళ్లి కొండ మీద ఫ్లాట్లో ఉండే మన తెలుగు విద్యార్థులకు ఇచ్చేవాణ్ని. వాళ్లు అల్లం వెల్లుల్లి దట్టించి వేయించుకుని, వచ్చే వారం ఏమీ లేవా అంకుల్ అని ఫోన్ చేసేవాళ్లు. వాళ్ల ఫోన్ సంగతి చెబితే ఆయన ముఖం వెలిగిపోయేది. ఇప్పుడు ఆక్లాండ్‌లో మనవాళ్ల కొట్లుండే శాండ్రింగ్‌హామ్‌లో గోంగూర దగ్గర్నుంచి గుంటపొంగణాల పెనం దాకా అన్నీ దొరుకుతున్నాయి నాకు. టీకి ఆలస్యమైందని కప్పు బల్లకేసి కొట్టే మనిషే లేడు.

ఆయనకు ఊపిరితిత్తుల జబ్బు చేసింది. మా ఆవిడ వార్డులోనే ఉన్నాడు కొన్నాళ్లు. నేను ఫ్లాస్కుతో వెళ్లేవాణ్ని. తాగలేకపోయినా మూత తీసి పక్కన పెట్టమనేవాడు. చలికాలం మొదట్లో పోయాడు. చర్చిలో వెనక వరసలో నిలబడ్డాను. బయటికొచ్చాక వాళ్లావిడ నా చెయ్యి పట్టుకుని, ఇంటికి వస్తూ ఉండమంది. ఆవిడ నాకంటే పదిహేనేళ్లు పెద్దది. పెద్దావిణ్ని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాదు, అందుకని ఇంటిపేరుకు ముందు మిసెస్ తగిలించేవాణ్ని. నన్నలా పిలిచేది నువ్వూ బ్యాంకువాళ్లూ మాత్రమే అనేది ఆవిడ.

మళ్లీ ఎండాకాలం వెళ్లిపోయి రోర్ దగ్గర పడింది. ఆకులు రాలే రోజుల్లో మగదుప్పులు ఆడవాటి కోసం కొండల్లో అరుస్తాయి, ఆ అరుపు పట్టుకుని వేటగాళ్లు వెళతారు. దాన్నే రోర్ అంటారు. మా షాపుకు అది పండగ రోజుల్లాంటిది, ఊపిరి సలపదు. అలాంటి ఒక శుక్రవారం మధ్యాహ్నం పెద్దాయన కూతురు షాపులోకి వచ్చింది. ఆమెను అంత్యక్రియలప్పుడు చూశాను. ముప్పై దాటిన మనిషి, వెల్లింగ్టన్‌లో లెక్కల టీచరు. ప్రతి ఏడూ రోర్‌కి తండ్రీ కూతురూ కలిసి వెళ్లేవాళ్లు. పోయిన ఏడు ఆయనకు ఓపిక లేక ఆగిపోయారు. ఈసారి నాన్న రైఫిల్‌తో ఒక్కదాన్నే వెళతానని సెలవు పెట్టుకుని వచ్చింది.

సంచిలోంచి ఒక గాజు సీసా తీసి కౌంటర్ మీద పెట్టింది. ఎర్ర మూత, పచ్చళ్ల సీసాలాంటిది. దాన్నిండా తుపాకీ మందు. సీసా మీద కాగితం ముక్క కూడా లేదు.

"ఇది నాన్న నా కోసం దాచింది," అంది. "ఆసుపత్రిలో తనే చెప్పాడు, నీ మందు గ్యారేజీలో ఉందని. దీంతో నాకు తూటాలు చేసిపెట్టండి. మీ చేత్తో అయితే నాన్న ఒప్పుకుంటాడు."

డబ్బా ఏదని అడిగాను. గ్యారేజీలో ఉన్నది ఇదొక్కటేనంది. సీసా తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి వెలుగులో తిప్పి చూశాను. గింజలన్నీ ఒకే తీరుగా లేవేమోననిపించింది. కానీ పాత మందు డబ్బాలో కదిలి కదిలి విరిగితే అలాగే ఉంటుంది. ఆయన కూతురి కోసం వాడే మందు ఏదో నాకు తెలుసు, ఎన్నో శనివారాలు చూశాను. ఇది అదే అనాలని నాకెంత ఉందో చెప్పలేను. ఆ సీసా పట్టుకుని వెనక గదిలోకి వెళ్లి, ఆయన కుర్చీ పక్కన కూర్చుని, ఆయన మందుతో ఆయన కూతురికి తూటాలు చేసే ఒక పూట నాకూ కావాలి. కాళ్లు వాటంతటవే ఆ గది వైపు వెళ్లబోయాయి. సీసా తెచ్చి కౌంటర్ మీద పెట్టాను.

"ఇదేమిటో నాకు తెలియదమ్మా," అన్నాను.

"మీరు ఏళ్ల తరబడి ఆయన పక్కన కూర్చున్నారు. చూసి చెప్పలేరా?"

"చూసి ఎవరూ చెప్పలేరు. మీ నాన్నగారు కూడా చెప్పేవారు కాదు."

"నాన్న అయితే ఏం చేసేవాడు?"

"పెరట్లో పారబోసేవారు."

అనాల్సిన మాటే, కానీ అన్న తీరు బాగాలేదు. ఆమె ముఖం నల్లబడింది. తండ్రి మిగిల్చి వెళ్లినదాన్ని పారబోయమంటున్నానని ఆమెకు వినపడింది. కంపెనీ తూటాల పెట్టె ఒకటి తీసి చూపించాను, ఆ రైఫిల్‌కి చక్కగా సరిపోయేవే. దానివైపు చూడను కూడా లేదు. సీసా సంచిలో పెట్టుకుంటూ, ప్రెస్సు ఇంట్లోనే ఉందనీ, తనకూ నేర్పింది నాన్నేననీ చెప్పి వెళ్లిపోయింది. వెనక వరసలో మనుషులు నిలబడి ఉన్నారు. వదిలెయ్, రేపటికి చల్లబడుతుందిలే అన్నాడు యజమాని.

ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చున్నాను. మా ఆవిడకు సంగతి చెప్పాను. అది ఆయన మందే అయితే ఏ ప్రమాదమూ లేదు, నేను ఊరికే ఆ పిల్ల మనసు కష్టపెట్టినట్టు. కాకపోతే మాత్రం ఆ పిల్ల కొండ మీద ఒక్కతే ఉంటుంది. ఆసుపత్రిలో చేతులూ కళ్లూ పోగొట్టుకున్నవాళ్లను చూసిన మనిషి మా ఆవిడ.

"షాపులో వద్దని చెప్పొచ్చినారు, సరే. ఆ పాప ఇంట్లో కూర్చోని చేసుకుంటానని పాయ కదా," అంది. "రేపు పొయ్యి చెప్పండి. వినకపోతే ఆడనే కూర్చోండి. శనివారమని చూడొద్దండి."

రోర్ ముందు శనివారం సెలవు అడిగితే యజమాని ఏమంటాడో నాకు తెలుసు. అడిగాను.  ఫోన్లో, ఆ మందు సంగతి తేలకపోతే తీసుకొచ్చెయ్, మిగతాది నేను చూసుకుంటానని మాత్రం అన్నాడు. ఆయన మీద నాకున్న విసుగులో సగం ఆ పూట పోయింది.

వాళ్ల ఇల్లు ఊరి బయట, తైయెరీ మైదానంలో, వెనక ఏరు పారే చోట. నేను వెళ్లేసరికి కూతురు గ్యారేజీలో ఉందని, తలుపు వేసుకుందని చెప్పింది పెద్దావిడ. నిన్న షాపులో ఏం జరిగిందో ఆవిడకు తెలియదు. టీ తాగి వెళ్లమని వంటగదిలోకి తీసుకెళ్లింది. కాదనడం నాకు రాలేదు, పైగా కూతురితో మళ్లీ మాట మొదలుపెట్టడానికి ధైర్యం కూడగట్టుకోవాలి.

వంటగది అలమరలో అద్దంలా తుడిచిన గాజు సీసాలు వరసగా ఉన్నాయి. అన్నిటికీ ఎర్ర మూతలే. బియ్యం, బార్లీ, ఎండు బఠానీ, ఓట్లు. మా ఇంట్లోనూ ఇంతే, ఖాళీ అయిన సీసా బయటికి వెళ్లదు అన్నాను. ఆవిడకు ముచ్చటేసింది. చలికాలమంతా ఇల్లు సర్దానంది. చేతులకేదో పని ఉండాలి కదా అంది. ఆయన ఉన్నన్నాళ్లూ గ్యారేజీలోకి కూతుర్ని తప్ప ఎవరినీ రానిచ్చేవాడు కాదట, ఆవిడా ఆ తుపాకీ కబుర్లు చెవికెక్కించుకునేది కాదట. ఆయన పోయాక అదీ సర్దింది.

"ఆయన గ్యారేజీ అలమరలో మూడు డబ్బాలుండేవి. తుప్పు పట్టి చెక్క మీద గుండ్రటి మచ్చలు పడ్డాయి," అంది టీ వంచుతూ. "అడుగున కాస్త కాస్త ఉంది ఒక్కోదాంట్లో. దేనికి అంత చోటు దండగ అని అన్నీ ఒక సీసాలో పోసేశాను. డబ్బాలు చెత్తబండిలో పడేశాను. ఇప్పుడెంత శుభ్రంగా ఉందో వెళ్లి చూడు."

మూడూ ఒకటే రకమా అని అడిగాను. ఆవిడ ఆలోచించింది. అన్నీ నల్లగానే ఉన్నాయంది. ఒకటి బాతుల తుపాకీకి వాడేవాడేమో, డబ్బా మీద బాతు బొమ్మ ఉన్నట్టు గుర్తంది. బాతుల తుపాకీలో పోసే మందు తొందరగా కాలేది. దాన్ని రైఫిల్‌లో పోయకూడదు. ఈ మాట ఆవిడతో అనలేదు. కప్పు బల్ల మీద పెట్టి, ఇప్పుడే వస్తానని చెప్పి పెరటి దారిన గ్యారేజీకి వెళ్లాను. పరుగెత్తలేదు, పరుగెత్తితే ఆవిడకు తెలిసిపోతుందని.

తలుపు తట్టి తోసుకుని వెళ్లాను. ఆమె ప్రెస్సు ముందు నిలబడి ఉంది. అచ్చం తండ్రి నిలుచున్నట్టే, ఎడమ భుజం కాస్త వంచి. పని చేసేది కూడా ఆయన పద్ధతిలోనే. రేడియో లేదు, బల్ల మీద ఒక్క సీసానే ఉంది. చెక్క పెట్టెలో కొన్ని తూటాలు తయారై నిలబడి ఉన్నాయి. నన్ను చూసి, పని చెడగొట్టడానికైతే లోపలికి రావద్దంది.

"ఆపమ్మా," అన్నాను. "ఆ సీసాలో ఒక్క మందు కాదు. మూడు రకాలు కలిసి ఉన్నాయి."

"ఎవరు చెప్పారు?"

నోటి దాకా వచ్చిన మాట మింగేశాను. ఒక తల్లి పేరు అలా చెప్పేదెట్లా? అబద్ధం చెబుదామన్నా ఒక్కటీ తట్టలేదు. నేను తడుముకుంటూ ఉండగానే వెనక నుంచి మాట వినపడింది.

"నేనే," అంది పెద్దావిడ.

నేను వదిలేసి వచ్చిన టీ కప్పు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ముందు ఆవిడకు ఏమీ అర్థం కాలేదు, ఏదో తప్పు జరిగిందని మాత్రమే తెలిసింది. నేను వీలైనంత చిన్న మాటల్లో చెప్పాను. చెబుతూ ఉండగానే ఆవిడ చూపు నా మీది నుంచి సీసా మీదికి, సీసా మీది నుంచి ఆ నిలబెట్టిన తూటాల మీదికి, అక్కడి నుంచి కూతురి ముఖం మీదికి వెళ్లింది.  ఆవిడ చేతిలో కప్పు తీసుకుని పక్కన పెట్టాను.

"అయితే దీని ముఖం మీద పేలి ఉండేది," అంది. నన్నే అడిగింది, నిజం చెప్పమన్నట్టు.

"పేలకపోనూవచ్చు," అన్నాను. అంతకంటే మంచి మాట నా దగ్గర లేదు.

ఆవిడ అక్కడే ఉన్న ముక్కాలిపీట మీద కూర్చుండిపోయింది. కూతురు ప్రెస్సు పిడి వదిలేసింది. నిన్న షాపులో అంత పట్టుదలగా వాదించిన మనిషి, నాన్న మందు అని గుండెకు హత్తుకుని తీసుకెళ్లిన మనిషి, ఒక్క మాట కూడా మందు గురించి అనలేదు. సీసాకు మూత బిగించి, చేతులు తుడుచుకుని, గ్యారేజీ అంతా మొదటిసారి చూస్తున్నట్టు చుట్టూ చూసింది.

"అమ్మా, ఇక్కడ నిజంగానే చాలా శుభ్రంగా ఉంది," అంది. "నాన్న ఉండగా ఇందులో ఇద్దరం నిలబడటానికి చోటుండేది కాదు."

నేను ఆ అమ్మాయిని అప్పుడు చూసి, ఇది ఆయన పెంపకం అనుకున్నాను. కాదు, ఆవిడదీ ఉండాలి. పెద్దావిడ ఏడవడం మొదలుపెట్టింది, మొగుడు పోయినప్పుడు చర్చిలో కూడా ఏడవని మనిషి. నాకేం చెయ్యాలో తెలియక మా ఇంటి సంగతి చెప్పాను. మా ఆవిడ కూడా అలమరలో చోటు కలిసొస్తుందని మిగిలిన కందిపప్పునూ శనగపప్పునూ ఒకే సీసాలో పోసేసింది ఒకసారి. ఏమైందని అడిగింది ఆవిడ, ముక్కు తుడుచుకుంటూ. ఒకటి ఉడికి ముద్దయిపోయింది, ఇంకొకటి పంటి కింద రాయిలా ఉంది, వారం రోజులు అదే తిన్నామన్నాను. తల్లీ కూతురూ ఇద్దరూ నవ్వారు. కందిపప్పంటే ఏమిటో వాళ్లకు తెలియదు.

ఆ పూటంతా కూతురూ నేనూ కూర్చుని, చేసిన తూటాలను ఒక్కొక్కటీ విప్పి మందు తిరిగి సీసాలో పోశాం.  ప్రెస్సు మోగలేదు. మధ్యలో ఆమె, పది గంటలకు నాన్న మీ టీ కోసం కప్పు కొట్టేవాడట కదా అంది. అవునన్నాను. తల ఎత్తలేదు నేను, ఎత్తితే బాగుండదు.

ఆ ఏడు రోర్‌కి ఆమె కంపెనీ తూటాలతోనే వెళ్లింది. తిరిగి వెల్లింగ్టన్ వెళ్లేముందు షాపుకు వచ్చి సాసేజీల పొట్లం కౌంటర్ మీద పెట్టింది. ఏమీ అడగకుండానే కొండ మీద ఫ్లాట్‌కు చేర్చాను. షాపు ఇప్పుడు లేదు, అక్కడ ఫోన్లు బాగుచేస్తున్నారని విన్నాను. నేను మీకు చెప్పాలనుకున్నది ఇదేదీ కాదు, ఆ తూటాలు విప్పిన మర్నాటి ఆదివారం సంగతి.

పేరు తెలియని మందును ఇంట్లో ఉంచకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు, వాడకూడదు. ఆ ఆదివారం మా యజమాని తనే వాళ్లింటికి వచ్చాడు, ఇలాంటివి ఎలా వదిలించుకోవాలో తెలిసినవాడు కనుక. నీళ్ల బకెట్లు తెచ్చాడు. ఇంటి వెనక ఏటి ఒడ్డున వానకు తడిసి ఉన్న, గడ్డి లేని రాళ్ల మీద సీసాలోని మందును సన్నటి గీతలా చాలా దూరం పోశాడు. విడిగా పోసిన మందు పేలదు, మండుతుందంతే. గాలి ఎటు వీస్తోందో చూసి, అందరినీ పొగ రాని వైపు దూరంగా నిలబెట్టాడు. పొడుగు కర్ర చివర మంట పెట్టి, ఎవరు అంటిస్తారని అడిగాడు. పెద్దావిడ కూతురి వైపు చూసింది. కూతురు కర్ర తీసుకుంది. మా వైపు నిప్పు పెట్టే పని ఎవరు చేస్తారో, ఎవరిని చేయనివ్వరో నాకు గుర్తొచ్చింది. 

సుయ్యిమంటూ పసుపు మంట రాళ్ల మీద పాకుతూ వెళ్లింది. చూస్తుండగానే అయిపోయింది. ఆయన అన్నేళ్లు దాచుకున్నది నిమిషం సేపు కూడా కాలలేదు. పొగ మాత్రం నేలకు దగ్గరగా ఆగి, మెల్లగా ఏటి వైపు కదిలింది. పెద్దావిడ మా మధ్యలోంచి బయటికి వచ్చి అటు నడిచింది. అటు పోవద్దు, ఇటు రమ్మని యజమాని పిలిచాడు. ఆవిడ వెళ్లి పొగలో నిలబడి, వేసుకున్న స్వెటర్ చేతులు రెండూ ముందుకు చాచింది.

"అంత్యక్రియలైన మర్నాడే ఆయన వేట కోటు ఉతికేశాను," అంది. "మురికిగా ఉందని. ఆరాక తీసి ముఖానికి పెట్టుకుంటే ఈ వాసన పోయి సబ్బు వాసన వచ్చింది."

కూతురు కర్ర బకెట్లో ముంచేసి వెళ్లి తల్లి పక్కన నిలబడింది. నువ్వైనా చెప్పవయ్యా వాళ్లకు అన్నాడు యజమాని నాతో. క్వారీలోనూ షాపులోనూ బతుకంతా నేను చేసిన ఉద్యోగం జనాన్ని పొగకు దూరంగా నిలబెట్టడమే. నేనూ వెళ్లి వాళ్ల పక్కన నిలబడ్డాను.